కష్టం తర్వాత పెరిగిన తాగుడును ఎలా గుర్తించాలి, ఎలా తగ్గించాలి: యాభై దాటిన పనివారికి, వారి ఇంటివారికి

గోదావరిఖని, మంచిర్యాల, భూపాలపల్లి, కాజీపేట, వరంగల్ ప్రాంతాలలో ముప్పై నలభై ఏళ్లు ఒళ్లు వంచి పని చేసిన మనుషులకు యాభై అయిదు నుంచి అరవై అయిదు ఏళ్ల మధ్య కొన్ని సంఘటనలు ఒకదాని వెనుక ఒకటి ఎదురవుతాయి. పదవీ విరమణ, ఆరోగ్యం బాగాలేక పనికి పనికిరారని తేల్చే మెడికల్ అన్‌ఫిట్, బిడ్డ పెళ్లికి చేసిన అప్పు, కొడుకు గల్ఫ్‌కు వెళ్లడం, భార్యో భర్తో కన్నుమూయడం వంటివన్నీ ఈ పదేళ్లలోనే వచ్చి పడతాయి. వాటిలో ఏదో ఒకదాని తర్వాత, ఇరవై ఏళ్లుగా వారానికి ఒకటి రెండు రోజులకే పరిమితమైన తాగుడు నెమ్మదిగా రోజువారీ అలవాటుగా మారుతుంది. ఇంటివారు దానిని గమనించేసరికి చాలా వరకు ఏడాది గడిచిపోయి ఉంటుంది.

ఇక్కడ చెప్పబోయే పద్ధతి తాగేవారికీ, వారి ఇంటివారికీ ఉద్దేశించినది. ఎంత తాగుతున్నావని అడిగితే ఇంట్లో జగడమే మిగులుతుంది. ఎప్పటి నుంచి పెరిగింది, దానికి ముందు ఏం జరిగింది అని అడిగితే ఆ మనిషి కూడా మీతో కూర్చుని ఆలోచిస్తాడు. మా ఇంట్లో ఈ రెండో ప్రశ్న చాలా ఆలస్యంగా అడిగాము కనుక, మీరు ఆలస్యం చేయకూడదన్న కోరికతో వివరంగా రాస్తున్నాను.

మొదటి పని: తేదీలు రాయండి

పిల్లల నోటుపుస్తకంలో ఒక పేజీ తీసుకుని మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు గత రెండు మూడేళ్లలో ఇంట్లోనూ పనిలోనూ వచ్చిన పెద్ద మార్పులన్నీ నెలతో సహా రాయండి. నెల గుర్తు రాకపోతే బతుకమ్మకు ముందా తర్వాతా, వరి కోతలప్పుడా, మేడారం జాతర అయిన ఎన్నాళ్లకు అని ఆనవాలు పెట్టుకోండి. కుడివైపు ఆ రోజులలో వారానికి ఎన్నిసార్లు, ఏ వేళ, ఎవరితో కలిసి, ఏమి తాగేవారో రాయండి. ఏ వేళ అన్నది ఎట్టి పరిస్థితిలోనూ వదిలిపెట్టవద్దు. రాత్రి తొమ్మిదికి ఉన్న అలవాటు సాయంత్రం ఆరుకు, ఆ తర్వాత మధ్యాహ్నానికి జరిగిందంటే, పరిమాణం పెరిగినట్టు మీకు కనిపించకపోయినా అలవాటు ముదిరినట్టే లెక్క.

ఎడమవైపు ఏమేమి రాయాలో తోచకపోతే, అమెరికాలో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు వైద్యులు 1967లో తయారు చేసిన, ఏ సంఘటన మనిషిని ఎంత కుదిపేస్తుందో పాయింట్లలో చూపే 43 సంఘటనల పట్టిక ఆధారంగా ఉపయోగపడుతుంది. అందులో భార్య లేదా భర్త మరణానికి 100 పాయింట్లు, దగ్గరి బంధువు మరణానికి 63, తనకే దెబ్బ తగలడం లేదా జబ్బు చేయడం అన్నదానికి 53, పెళ్లికి 50, ఉద్యోగం నుంచి తీసివేయడానికి 47, పదవీ విరమణకు 45, ఇంట్లో మరొకరి ఆరోగ్యం చెడడానికి 44 పాయింట్లు ఇచ్చారు. మనం పదవీ విరమణను శాలువాతో, పూలదండతో, దావత్‌తో శుభకార్యంలా జరుపుకుంటాము. ఆ పట్టికలో మాత్రం అది ఉద్యోగం పోవడానికి రెండు పాయింట్లే తక్కువగా ఉంది. 1934లో వరంగల్‌లో మొదలైన ఆజంజాహీ మిల్లు మూతపడిన తర్వాతి రోజులను చూసినవారికి, పని లేకుండా పోవడం మనిషిని ఎంత కుంగదీస్తుందో వేరుగా చెప్పనక్కరలేదు. అయితే అది అమెరికా పట్టిక కనుక బిడ్డ పెళ్లి అప్పు, పంట నష్టం, పిల్లలు దుబాయి నుంచి డబ్బు పంపడం ఆగిపోవడం వంటివి అందులో కనిపించవు. వాటిని మీరే చేర్చుకోండి.

కష్టం వచ్చిన ప్రతి ఒక్కరూ తాగుడులో పడతారని మాత్రం అనుకోవద్దు. అమెరికాలో 51 నుంచి 61 ఏళ్ల మధ్య వయసువారితో 1992లో మొదలైన పెద్ద సర్వే సమాచారాన్ని తీసుకుని, ఆరేళ్ల కాలంలో ఎవరి తాగుడు ఎలా మారిందో పెరేరా, స్లోన్ అనే పరిశోధకులు 2001లో ప్రచురించారు. దాదాపు మూడింట రెండు వంతుల మందిలో ఏ మార్పూ లేదు. పదవీ విరమణ తర్వాత తాగుడు పెరిగిన ధోరణి కనిపించింది. జీవిత భాగస్వామి మరణం తర్వాత కూడా పెరిగింది కానీ అది కొంతకాలమే నిలిచింది. ఆస్పత్రిలో చేరడం, దీర్ఘకాలిక జబ్బు బయటపడడం అన్న రెండింటి తర్వాత తాగుడు తగ్గింది. అంతకుముందే తాగుడు సమస్య ఉన్నవారిలో ఈ సంఘటనల ప్రభావం వేరుగా ఉంది. ఆ దేశపు లెక్కలను మన ఊళ్లకు ఉన్నదున్నట్టు అన్వయించలేము కానీ, అందులో రెండు విషయాలు నాకు పనికివచ్చినట్టు తోస్తుంది. ఒకటి, పదవీ విరమణకు ముందే జాగ్రత్త పడాలి. రెండు, షుగర్ అని తెలిసిన వారం, ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన వారం ఈ మాట ఎత్తడానికి అన్నిటికన్నా అనుకూలమైన సమయం. ఆ వారం దాటిపోనివ్వవద్దు.

మా బాపు బొగ్గు బాయిలో పని చేశాడు. సెకండ్ షిఫ్ట్ నుంచి రాత్రి ఇంటికి వచ్చి, స్నానం చేసి, ఒక చిన్న సీసా తాగి, అన్నం తిని పడుకునేవాడు. ఉద్యోగం నుంచి దిగిపోయిన తర్వాత కూడా మధ్యాహ్నం రెండు కాగానే తల దువ్వుకుని, తువాలు మడిచి భుజం మీద వేసుకుని, గోడ గడియారం వైపు ఒకసారి చూసి బయటికి నడిచేవాడు. బాయికి పోయే వేళ అది. ఇప్పుడు మాత్రం ఆ దారి వైన్ షాపు పక్కన ఉన్న పర్మిట్ రూమ్ దగ్గర ఆగిపోయేది. అమ్మ ఉన్నన్నాళ్లు చీకటి పడేసరికి ఇంటికి వచ్చేవాడు. అమ్మ చనిపోయిన నాలుగో నెల నుంచి పొద్దున చాయ్ కప్పు పట్టుకుంటే చెయ్యి వణికి సగం చాయ్ సాసర్‌లో ఒలికేది. రెండు చేతులతో పట్టుకుని తాగేవాడు. వయసు మీద పడిందని మేము అనుకున్నాము. ఈ పేజీ అప్పుడే రాసి ఉంటే రెండు గంటల వేళ, నాలుగో నెల రెండూ మా కళ్లకు కనిపించేవి.

రెండో పని: కొలవండి

రెండు పెగ్గులే అని చెప్పేవారు చాలా వరకు అబద్ధం చెప్పరు. వారి గ్లాసు పెద్దది, అంతే. రోజూ వాడే గ్లాసులో రోజూ పోసుకునేంత ఎత్తు వరకు నీళ్లు పోసి, ఆ నీళ్లను దగ్గు మందు సీసాకు ఉండే గీతల మూతతో కొలవండి. ఇంట్లో చేతి వాటంగా పోసిన పెగ్గు 60 మిల్లీలీటర్లు, ఒక్కోసారి 90 కూడా ఉంటుంది.

విస్కీ, బ్రాందీ సీసాల మీద 42.8 శాతం అని రాసి ఉంటుంది. అటువంటి మద్యం 30 మిల్లీలీటర్లలో దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మన దేశంలో ఒక కొలత అంటే అదే. ఆ లెక్కన 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో ఆరు కొలతలు ఉంటాయి. 650 మిల్లీలీటర్ల బీరు సీసా 5 శాతానిదైతే రెండున్నర కొలతలు, 8 శాతం స్ట్రాంగ్ అయితే నాలుగు కొలతలు. బీరు తాగితే తాగినట్టు కాదన్న మాటకు ఈ లెక్కే సమాధానం. కల్లుకు ఇటువంటి లెక్క కుదరదు, ఎందుకంటే చెట్టు నుంచి దించిన గంటలను బట్టి అది పులుస్తుంది. గుడుంబా సంగతి కొలతల పరిధిలోకే రాదు, దానిలో ఏమి కలిపారో కాచినవాడికే తెలియాలి.

వయసు మీరిన శరీరంలో నీటి శాతం తగ్గుతుంది, కాలేయం, మూత్రపిండాలు మునుపటిలా పని చేయవు, కనుక అదే క్వార్టర్ నలభై ఏళ్లప్పుడు కన్నా అరవై ఏళ్లప్పుడు రక్తంలో ఎక్కువ గాఢతకు చేరి ఎక్కువసేపు నిలుస్తుంది. నేనేమీ పెంచలేదు, అదే తాగుతున్నాను అని చెప్పే పెద్దమనిషి మాట నిజమే అయినా, అతని ఒంటికి మోతాదు పెరిగినట్టే. అరవై అయిదు దాటి, ఆరోగ్యంగా ఉండి, మందులేవీ వాడనివారు కూడా వారానికి 7 డ్రింకులు దాటవద్దని అమెరికా వైద్య సంస్థలు చెబుతూ వచ్చాయి. వారి డ్రింకు 14 గ్రాములు కనుక అది వారానికి 98 గ్రాములు. రెండు క్వార్టర్లతోనే ఆ హద్దు దాటిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో, ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని స్పష్టంగా ప్రకటించింది.

మూడో పని: నాలుగు ప్రశ్నలు అడగండి

జాన్ ఈవింగ్ అనే వైద్యుడు 1984లో ప్రచురించిన నాలుగు ప్రశ్నలను ప్రపంచమంతా ఇప్పటికీ వాడుతున్నారు. తగ్గించుకోవాలని మీకు ఎప్పుడైనా అనిపించిందా? మీ తాగుడు గురించి ఎవరైనా అంటే కోపం వచ్చిందా? తాగినందుకు తప్పు చేసినట్టు అనిపించిందా? పొద్దున లేవగానే చేతి వణుకు తగ్గడానికో, తల భారం దిగడానికో తాగవలసి వచ్చిందా? వీటిలో రెండింటికి అవునని జవాబు వస్తే డాక్టరును కలవాలి. నాలుగో ప్రశ్న ఒక్కదానికి అవునన్నా ఆగకుండా వెళ్లాలన్నది నా అభిప్రాయం.

ఈ ప్రశ్నలు ఎవరు అడుగుతారన్నది ముఖ్యం. తండ్రిని కొడుకు నిలదీసినట్టు అడిగితే జవాబు రాదు. కోడలు ఎదుట అసలే రాదు. ఆయనతో ఒకే షిఫ్ట్‌లో పని చేసి ఇప్పుడు తాగుడు మానేసిన దోస్తు, మాటకు విలువనిచ్చే బావ, ఆయన ప్రేమగా చూసుకునే పెద్ద బిడ్డ, వీరిలో ఎవరైనా పొద్దున పూట, తాగని సమయంలో, పక్కన కూర్చుని అడగాలి. ఆడవారి విషయంలో ఇంకా మెలకువ అవసరం. బీడీలు చుట్టే తల్లులు, నాట్లకు పోయే తల్లులు సాయంత్రం కల్లు తాగడం మన వైపు కొత్త కాదు కానీ, భర్త పోయిన తర్వాత ఆమె తాగుడు పెరిగితే దానిని జబ్బుగా చూసేవారు తక్కువ, నిందించేవారు ఎక్కువ. ఆమెను కూడా ఇవే ప్రశ్నలు, ఇదే మర్యాదతో అడగండి.

చేతి వణుకు, తూలి పడడం, మతిమరుపు, నిద్ర పట్టకపోవడం, మాత్రలు వేసుకుంటున్నా బీపీ దిగకపోవడం అన్నవి వయసు వల్ల రావచ్చు, తాగుడు వల్లా రావచ్చు. అందుకే ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఆయన అడగకపోయినా, రోజుకు ఎంత తాగుతారో మీరే చెప్పండి. మా బాపు చేతి వణుకుకు ఒక డాక్టరు రెండు నెలలు బలం మందు రాశాడు. తాగుతారా అని ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు.

నాలుగో పని: ఉన్నపళంగా ఆపించవద్దు

ఇంటివారు మంచి ఉద్దేశంతోనే చేసే తప్పులలో ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైనది. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషిని గదిలో పెట్టి తాళం వేసో, గుడి ఎదుట ఒట్టు వేయించో ఒక్కసారిగా మాన్పిస్తే శరీరం తట్టుకోలేకపోవచ్చు. చివరిసారి తాగిన ఆరు గంటల నుంచి ఒక రోజు లోపల వణుకు, చెమటలు, వాంతులు, గుండె దడ మొదలవుతాయి. రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనిపించి, వినిపించి, జ్వరం ఎక్కి ప్రాణం మీదికి వస్తుంది.

బాపు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగినప్పుడు మేము ఆస్పత్రిలో చేర్పించాము. తాగుతారా అని నర్సు ఫారం నింపుతూ అడిగితే, వార్డులో నలుగురి ఎదుట పరువు పోతుందని నేనే లేదని చెప్పాను. మూడో రాత్రి బాపు సెలైన్ పైపు లాగేసి, మంచం దిగబోయి, పైకప్పు వైపు చూస్తూ 'రూఫ్ కూలుతున్నది, అందరు బయటికి ఉరుకుండ్రి' అని అరిచాడు. గాలిలో ఏవో దులుపుతూ తెల్లవార్లూ కూర్చున్నాడు. మతి చలించిందనుకుని చేతులు కట్టివేశారు. మరునాడు నేను నిజం చెప్పిన తర్వాతే సరైన మందు పడింది. ఆ ఒక్క అబద్ధం వల్ల ఆయన పడిన బాధ ఇప్పటికీ నన్ను వదలదు. ఆపరేషన్‌కు గానీ, మరే చికిత్సకు గానీ మీవారిని ఆస్పత్రిలో చేర్పించినప్పుడు, రోజూ తాగే అలవాటు ఉందని, చివరిసారి ఏ రోజు, ఏ వేళ తాగారని మొదటి గంటలోనే చెప్పండి.

కల్లు తాగేవారి విషయంలో ఇంకొక ప్రమాదం ఉంది. మన ప్రాంతంలో కొన్నిచోట్ల కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం వంటి మత్తు పదార్థాలు కలుపుతారు. అటువంటి కల్లుకు అలవాటు పడినవారికి అది దొరకని రోజు మెడ వంకరపోవడం, ఫిట్స్ రావడం, పిచ్చిపట్టినట్టు ప్రవర్తించడం జరుగుతుంది. కల్లే కదా, ఆపితే ఏమవుతుందని అనుకోవద్దు.

కాబట్టి మానడానికి ముందు డాక్టరు సలహా తీసుకోండి. వరంగల్ ఎంజీఎం వంటి పెద్ద ప్రభుత్వ ఆస్పత్రులలో మానసిక వైద్య విభాగం ఉంటుంది. సింగరేణి కార్మికులు, పదవీ విరమణ చేసినవారు ముందుగా తమ ఏరియా ఆస్పత్రిలో అడగవచ్చు. అక్కడ తాగుడు స్థానంలో కొన్ని రోజులు తగ్గిస్తూ పోయే మాత్రలు, బి1 విటమిన్ ఇస్తారు. ఆ మాత్రలను బయట సొంతంగా కొని వాడవద్దు, ఎందుకంటే వాటికీ అలవాటు పడే ప్రమాదం ఉంది, వయసు మీరినవారికి మోతాదు కూడా వేరు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14416 అనే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ) నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఇది 2022 అక్టోబరులో మొదలైంది. మత్తు అలవాట్ల కోసం 14446, వయోవృద్ధుల సమస్యల కోసం 14567 ఉన్నాయి. ఫిట్స్ వచ్చినా, మాట తడబడి మనుషులను గుర్తుపట్టకపోయినా సలహాల కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.

అన్నంలోనో, చాయ్‌లోనో తెలియకుండా కలిపి తాగుడు మాన్పించే పొడి అని ఊళ్లలో అమ్ముతారు. తాగితే వాంతులు వచ్చేలా చేసే డైసల్ఫిరామ్ అనే మాత్ర ఒకటి నిజంగానే ఉంది. దానిని డాక్టరు, తీసుకునే మనిషికి పూర్తిగా తెలియజెప్పి, గుండె, కాలేయం పరీక్షించి మాత్రమే ఇస్తాడు. తెలియకుండా వేసిన రోజు అతను తాగితే, అరవై ఏళ్ల గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. దయచేసి ఆ పని చేయవద్దు.

ఐదో పని: మాత్రల సంచి మొత్తం చూపించండి

యాభై దాటిన ఇంట్లో ఏదో ఒక మాత్ర ఉండనే ఉంటుంది. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు తాగి అన్నం తినకుండా పడుకుంటే రాత్రి షుగరు పడిపోతుంది; చూసేవారు తాగి పడుకున్నాడని అనుకుంటారు, తెల్లవారేసరికి లేవరు. తూలుతున్న మనిషికి షుగరు జబ్బు ఉంటే ముందు షుగరు చూడండి. నిద్ర మాత్ర, మద్యం కలిస్తే ఊపిరి మందగిస్తుంది. కీళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే గోళీలు మద్యంతో కలిస్తే కడుపులో పుండు పడి రక్తస్రావం కావచ్చు. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, ఆర్‌ఎంపీ ఇచ్చినవి కూడా, ఒకే సంచిలో వేసి డాక్టరు బల్ల మీద పెట్టండి.

ఆరో పని: సంఘటనను బట్టి ఏర్పాటు చేసుకోండి

మానిన తర్వాత ఖాళీ అయిన వేళను దేనితో నింపాలన్నది ఆ ఇంటి కష్టాన్ని బట్టి ఉంటుంది. మీరు రాసుకున్న పేజీ ఇక్కడ పనికివస్తుంది.

పదవీ విరమణ విషయంలో ఆరు నెలల ముందు నుంచే సిద్ధపడాలి. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగులకు 2021లో ఆ వయసును 58 నుంచి 61కి పెంచారు కనుక తేదీ ముందే తెలుస్తుంది. ఆ తేదీ వరకు వేచి ఉండడంలోనే పొరపాటు జరుగుతుంది. పనికి వెళ్లే వేళ, పని దిగే వేళ అన్న ఆ రెండు వేళలకు వేరే బాధ్యత ముందే కుదుర్చుకోండి. ఆ బాధ్యత మరొకరు ఎదురుచూసేదిగా ఉండాలి. పార్కులో నడక మంచిదే కానీ, ఒక రోజు వెళ్లకపోతే అడిగేవారు ఉండరు. మనవడిని బడి నుంచి తీసుకురావడం, పాల కేంద్రంలో లెక్కలు చూడడం, బావమరిది ఎరువుల దుకాణంలో సాయంత్రం కూర్చోవడం వంటి పనులకు వెళ్లకపోతే ఫోన్ వస్తుంది. ఆ ఫోన్ చాలా మేలు చేస్తుంది. గ్రాట్యుటీ, పీఎఫ్ డబ్బు ఒక్కసారిగా చేతికి వచ్చే నెలలో దావత్‌లు, అప్పు అడిగేవారు, పాత దోస్తులు అందరూ వస్తారు. ఆ డబ్బును భార్యాభర్తల ఉమ్మడి ఖాతాలో డిపాజిట్ చేసి, నెల ఖర్చుకు కావలసినంతే పొదుపు ఖాతాలోకి వచ్చేలా చూసుకోండి.

మెడికల్ అన్‌ఫిట్ అయి, డిపెండెంట్ కింద కొడుకుకు ఉద్యోగం ఇప్పించిన తండ్రి పరిస్థితి వేరు. నిన్నటి వరకు జీతం తెచ్చిన మనిషి ఈ రోజు కొడుకు జీతం కోసం చూడవలసి వస్తుంది. అందరూ అదృష్టవంతుడివి అంటారు కాబట్టి తన బాధను పైకి చెప్పుకోవడానికి కూడా ఆయనకు వీలుండదు. ఇంటి లెక్క ఆయన చేతిలోనే ఉంచడం, కరెంటు బిల్లు, కిరాణా బాకీ ఆయనే కట్టేలా చూడడం చిన్న విషయాలుగా కనిపించవచ్చు. వాటి వల్ల ఆయన ఆ ఇంట్లో పెద్దగా నిలుస్తాడు.

ఎనుమాముల మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీలకు, కొత్తవాడలో మగ్గం నేసేవారికి పదవీ విరమణ అంటూ ఉండదు. నడుము పట్టేసిన రోజే పని ఆగిపోతుంది. వీరిలో చాలామంది ఒళ్లు నొప్పులు తెలియకుండా ఉండడానికే తాగుతారు. అటువంటివారికి ముందు నొప్పికి చికిత్స చేయించండి, ఆ తర్వాతే తాగుడు మాట ఎత్తండి.

భార్య చనిపోయిన ఇంట్లో మొదటి పదకొండు రోజుల నుంచే జాగ్రత్త కావాలి. పిట్టకు పెట్టే రోజు, పెద్దకర్మ రోజు మద్యం తేవడం మన దగ్గర ఆచారంగా నడుస్తున్నది. ఆచారాన్ని ఒక్కరోజులో మార్చలేకపోయినా, ఆ పెద్దమనిషి చేతికి గ్లాసు ఇవ్వవద్దని దగ్గరి బంధువులలో ఒకరు ముందుగానే అందరికీ చెప్పవచ్చు. ఆ తర్వాత అందరూ ఎవరి ఇళ్లకు వారు వెళ్లిపోయిన మొదటి సాయంత్రం నుంచి అసలు పరీక్ష మొదలవుతుంది. వంట రాని మనిషి అన్నం మానేసి తాగుతాడు. రాత్రి భోజనం రోజూ ఒకే వేళకు, వీలైతే మరొకరితో కలిసి ఉండేలా మూడు నెలలు ఏర్పాటు చేయండి. నిద్ర పట్టడం లేదని తాగేవారికి, మద్యం వల్ల కన్ను తొందరగా మూతపడినా అర్ధరాత్రి దాటిన తర్వాత నిద్ర చెడిపోతుందని నెమ్మదిగా చెప్పండి. రెండు గంటలకు మెలకువ వచ్చి ఖాళీ మంచం వైపు చూసే బాధకు అదీ ఒక కారణం.

మన భాషలో మందు తాగాడన్న మాటకు రెండు అర్థాలున్నాయి, రెండోది పురుగుల మందు. దుఃఖంలో, అప్పుల్లో ఉన్న పెద్దవారు తాగిన రాత్రే ఆ రెండోదానికి పాల్పడే ప్రమాదం ఎక్కువ. ఇక బతికి ఏం లాభం అన్న మాట ఒక్కసారి విన్నా తాగిన మాటగా కొట్టివేయవద్దు. చచ్చిపోవాలని అనిపిస్తున్నదా అని సూటిగా, ప్రేమగా అడగండి; అడగడం వల్ల కొత్తగా ఆ ఆలోచన పుట్టదు. ఇంట్లో, పొలం దగ్గర కొట్టంలో ఉన్న పురుగుల మందు డబ్బాలు అదే రోజు తీసివేయండి, ఆ రాత్రి ఒంటరిగా పడుకోనివ్వవద్దు, 14416కు ఫోన్ చేయండి.

ఏడో పని: దావత్‌లో ఏం చెప్పాలో ముందే అనుకోండి

నేను మానేశాను అంటే నలుగురూ కలిసి తాగించే దాకా వదలరు. షుగరు మాత్ర వేసుకున్నాను, డాక్టరు వద్దన్నాడు అంటే చాలా వరకు వదిలేస్తారు. చేతిలో ముందే మజ్జిగ గ్లాసో, సోడా గ్లాసో ఉంటే అడిగేవారు తగ్గుతారు. అన్నం పెట్టే వేళకు వెళ్లి, తిని, బయలుదేరడం ఇంకా మేలు.

ఎనిమిదో పని: తారీఖులకు ముందే గుర్తు పెట్టుకోండి

తాగని రోజుకు గోడ క్యాలెండర్ మీద, పాల లెక్క రాసే చోటనే, ఒక చుక్క పెట్టండి. మానిన మనిషి మళ్లీ ఒక రోజు తాగితే ఆ గడి ఖాళీగా వదిలి, మరునాడు మళ్లీ చుక్క పెట్టండి. పాత చుక్కలేవీ చెరిపివేయవద్దు. ఖాళీ గడులు వరుసగా మూడు వస్తే మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాలని ఇద్దరూ కలిసి ముందే అనుకోండి.

మొదటి పేజీలో ఎడమవైపు రాసిన తేదీలను తెచ్చి ఆ క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. చనిపోయినవారి సంవత్సరికం, పెత్రమాస, పెళ్లిరోజు, పదవీ విరమణ చేసిన తేదీ, దసరా ఇవన్నీ మానినవారిని వెనక్కి లాగే రోజులు. అటువంటి రోజుకు వారం ముందే ఎవరు ఇంట్లో ఉంటారు, సాయంత్రం ఎక్కడికి వెళతారు అన్నది నిర్ణయించుకోండి. అమ్మ సంవత్సరికం నాడు మధ్యాహ్నం రెండు గంటలకు బాపు అలవాటుగా తువాలు భుజం మీద వేసుకున్నప్పుడు, నేను బండి తీసి గుమ్మం ముందు నిలబడ్డాను. ఇద్దరం గోదావరి ఒడ్డుకు వెళ్లి, చీకటి పడే దాకా కూర్చుని ఇంటికి వచ్చాము. ఆ రోజు గడిలో చుక్క బాపే పెట్టాడు.